కల్నల్ గారి సలహా, మా లంక పడవలు

కాశీకి పోయివచ్చినవాళ్ళు యాత్ర రాస్తారు. నేను అమలాపురం, రాజోలు పోయివచ్చి రాస్తున్నాను. దూరం చూసి నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. మా లంకలో కాశీ చూసిన ఆడవాళ్ళు నలుగురున్నారు. ఒక మిలిటరీ కల్నలుతో వాదించి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

ముందు సంగతి చెప్పాలి. మాది గోదావరి పాయల మధ్య లంక. ఎండాకాలం కొత్తపేట వైపు పాయ మోకాలిలోతు, నడిచి దాటతాం. ఆషాఢంలో ఎర్రనీరు దిగిందంటే అదే పాయ ఏనుగు లోతు. అప్పుడు పడవ మాకు బండి కాదు, ఇంట్లో ఒక గది. వరద గుమ్మం ఎక్కితే పిల్లల్నీ ధాన్యాన్నీ దూడల్నీ అందులో పెట్టుకుంటాం. అలాంటివి మా లంకకి ఏడు.

స్వరాజ్యం వచ్చిన మూడో వేసవికి ఆ ఏడూ పోలీసుల చేతిలో ఉన్నాయి. తుపాకులు పట్టుకుని ప్రభుత్వం మీద తిరగబడ్డ కుర్రాళ్ళు కొందరు కార్తీకంలో మా రేవు దాటి పోయేరట. ఎవరు దాటించేరో చెప్పమన్నారు. ఎవరూ చెప్పలేదు. పుష్యంలో పడవలన్నీ అవతలి ఒడ్డుకి ఈడ్చుకుపోయి, ఔట్‌పోస్టు కింద ఇసకలో గొలుసులు వేసి పెట్టేరు. ఎండకి పడవ చెక్క విచ్చుకుంటుంది. ఏటా వైశాఖంలో సందుల్లో కొబ్బరిపీచు కూరి, గుగ్గిలం కాచి పూస్తాం. ఈ ఏడు అదీ లేదు. జ్యేష్ఠం సగం గడిచింది.

మగవాళ్ళు వెళ్తే లోపల వేస్తారని భయం. అందుకని నేను బయలుదేరేను. తోడు మార్తమ్మగారు వచ్చేరు. ఆవిడ మా లంక మిషను బళ్ళో టీచరు. ఇంగ్లీషు వచ్చు, కోపం రాదు. నాకు ఇంగ్లీషు రాదు.

కొత్తపేట

సోమవారం పొద్దున్నే పాయ దాటేం. పెద్ద పడవ నడిపే సరంగు ఏసోబు ఒడ్డుదాకా వచ్చి, గొలుసుల్లో ఉన్న తన పడవ వైపు చూడకుండా నిలబడ్డాడు.

"చూడవేం రా?" అన్నాను.

"చూస్తే ముట్టుకోబుద్దవుతాదండీ. ముట్టుకుంటే కొడతారండీ," అన్నాడు.

స్టేషనులో సబిన్‌స్పెక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి మజ్జిగ ఇప్పించేడు. మజ్జిగలో ఉప్పు ఎక్కువ.

"నాకు మాత్రం ఇష్టమాండీ పిన్నిగారూ? ఇది పైనుంచి వచ్చిన మాట. బర్మాలో యుద్ధం చేసొచ్చిన కల్నల్ గారు జిల్లాకి సలహాదారు. లంకల్లో పడవలు లేకపోతే తిరుగుబాటు నడవదని ఆయన రాసేరు. మావాళ్ళు పాటించేరు."

"ఆయన మా లంక చూసేరా?"

"మ్యాపులో చూసుంటారండీ."

"మ్యాపులో వరద వస్తుందా?"

ఆ అబ్బాయి నవ్వాపుకుని, ఆ కల్నల్ గారే బుధవారం అమలాపురంలో ఉపన్యాసం ఇస్తారని చెప్పేడు. చెప్పవలసిన పని లేదు అతనికి. మంచివాడు.

అమలాపురం

అమలాపురంలో నాకు నచ్చనివి ధూళి, కాఫీ. కాఫీ కప్పు అణాన్నర. మా లంకలో ఆ డబ్బుకి రెండు పూటలకి కూర వస్తుంది. హోటల్లో ఆడవాళ్ళకి తడిక చాటున బల్ల వేసేరు. కుర్రాడు నాకు ఇత్తడి గ్లాసులో తెచ్చి, మార్తమ్మగారికి మెడలో శిలువ చూసి, కిటికీ మీద బోర్లించి ఉన్న గాజుగ్లాసులో పోసేడు. ఆ గ్లాసు ఎవరికో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. నేను ఆ గాజుగ్లాసు తీసుకుని తాగేను.

"అది మీది కాదండీ!" అన్నాడు యజమాని గల్లాపెట్టె దగ్గరనుంచి.

"తెలుసునయ్యా. రెండింట్లోనూ చికోరీయే."

మార్తమ్మగారు బయటికి వచ్చేక అన్నారు: "సూరమ్మగారూ, ఊరికొచ్చి గంట కాలేదు. యుద్ధం కల్నల్ గారి దగ్గర మొదలెడదాం అనుకున్నాం కదండీ."

ఉపన్యాసం సాయంత్రం, టవున్‌హాల్లో. ప్లీడర్లు, మేష్టార్లు, కొబ్బరి వర్తకులు నిండా ఉన్నారు. ఆడవాళ్ళం ఆరుగురం. కల్నల్ గారి పేరు రాయను. రాజోలు తాలూకా మనిషే. పొడుగ్గా, నెరిసిన మీసంతో, చేతిలో కర్ర లేకుండా నిలబడి మాట్లాడేరు. తెలుగు మధ్యలో ఇంగ్లీషు వస్తే ఆగి, తెలుగుమాట వెతుక్కుని మరీ చెప్పేరు. అది నాకు నచ్చింది.

ఆయన చెప్పింది నిజాయితీగా రాస్తాను. తుపాకీ పట్టినవాణ్ని తుపాకీతో పట్టుకోవచ్చు, కాని వాడికి అన్నం పెట్టిన ఇంటిని తగలబెడితే ఆ ఇంట్లోంచి ఇంకో పదిమంది తుపాకీ పడతారు అన్నారు. యుద్ధం గెలవడం సగం పనేననీ, గెలిచాక రోడ్డూ బడీ ఆస్పత్రీ బియ్యం ధరా నిలబెట్టడం మిగతా సగమనీ, రెండో సగం చెయ్యలేనివాడు మొదటిది కూడా ఓడినట్టేననీ అన్నారు. బర్మాలో వెనక్కి తగ్గేటప్పుడు తెల్లదొరల ఉత్తర్వు మీద ఒక ఏటిమీద ఊళ్ళ పడవలన్నీ తగలబెట్టించేరట. శత్రువుకి దొరక్కూడదని. ఆ ఊళ్ళవాళ్ళు ఉప్పూ బియ్యం లేక మాడి, మరుసటి యేడు శత్రువుకే దారి చూపించేరట.

"ఆ పడవలు కాల్చినవాళ్ళలో నేనొకణ్ని. అది తప్పు," అన్నారు.

అంతా చప్పట్లు కొట్టేరు. నేనూ కొట్టేను. కొట్టి లేచి నిలబడ్డాను.

"బాబూ, బర్మా పడవలు తగలబెట్టడం తప్పయితే, మా లంక పడవలు ఎండబెట్టడం ఏమవుతుంది?"

హాల్లో ఎవరో నవ్వేరు. అధ్యక్షుడు ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వాలన్నాడు.

"నోటితో అడిగితే వినబడదా అండీ?" అన్నాను.

కల్నల్ గారు నవ్వలేదు. "ఏ లంక అమ్మా మీది?" అని అడిగి, విని, "శుక్రవారం రాజోలు రండి, మా ఇంటికి. ఇక్కడ చెప్పేది కాదు," అన్నారు. తప్పించుకోవడం అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

అంబాజీపేట, గన్నవరం

మధ్యలో గురువారం అంబాజీపేటలో మార్తమ్మగారి చిన్నాన్న కూతురింట్లో దిగేం. పనసాకులు నాలుగు కుట్టి బుట్టలా చేసి, అందులో పిండి పోసి ఆవిరి పడతారు. పొట్టిక్కలంటారు. ఆకు వాసన లోపలిదాకా దిగుతుంది. మా లంకలో పనసచెట్టు నిలవదు, వరదకి కుళ్ళిపోతుంది, అందుకని మాకు ఈ విద్య లేదు. నాలుగు తిన్నాను. ఎవరింట తిన్నావని మా చుట్టాల్లో అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకి ఇదే జవాబు: తిన్నాను, ఇంకా పెట్టమన్నాను కూడా.

ఇంటావిడ భర్త వడ్రంగి. మా పడవల సంగతి విని, "ఆర్నెల్లు ఎండితే చెక్క నోరు తెరిచేస్తాదండీ. నీళ్ళలో దింపేక ఒక పగలల్లా నానాలి. గుగ్గిలం మోసుకెళ్ళండి, ఊళ్ళో దొరక్కపోవచ్చు," అని తన దగ్గరున్న రెండు వీశెలు ఇచ్చేడు. డబ్బు పుచ్చుకోలేదు.

గన్నవరం దగ్గర చూడదగ్గ వింత ఉంది. అక్కడ కాలువ నది మీదనుంచి పోతుంది. కింద వైనతేయ, పైన కమానుల మీద కాలువ. నీళ్ళ మీద నీళ్ళు. అది దాటుతూ కిందకి చూడబోయి మార్తమ్మగారు మామిడిపళ్ళ బుట్ట జారవిడిచేరు. కొత్తపల్లికొబ్బరి పళ్ళు, కల్నల్ గారికని తెచ్చినవి, ఒకదాని వెనక ఒకటి నదిలో పడ్డాయి.

"లంచం పోయిందండీ," అన్నారు ఆవిడ.

"మంచిదైంది. ఉత్తచేతుల్తో అడుగుదాం," అన్నాను.

రాజోలు, తాటిపాక

తాటిపాక సంతలో పశువుల పగ్గాలు మా కొత్తపేట కంటే అణా తక్కువ. పేనిక గట్టిది. రెండు కొన్నాను. ఉత్తచేతుల్తో పోతున్నామని చెప్పి పగ్గాలు భుజాన వేసుకుని కల్నల్ గారి గుమ్మం ఎక్కితే ఆయన వంటవాడు పశువులు అమ్మేవాళ్ళమనుకుని దొడ్డిదారి చూపించేడు. మేం వీధిదారినే వెళ్ళేం.

కల్నల్ గారు లేచి నిలబడి మార్తమ్మగారికీ నాకూ ఒకే రకం కుర్చీలు వేసి, ఒకే రకం గ్లాసుల్లో నిమ్మకాయ షర్బత్ ఇచ్చేరు. సైన్యంలో ఆ మంచి అలవాటు పట్టినట్టుంది.

"మీ లంక మీదుగా పోయినవాళ్ళు అవతల ఒక మునసబుని చంపేరు. తెలుసా అమ్మా?"

"తెలుసు. ఆయన పెళ్ళికి నేను అప్పడాలు ఒత్తేను. నాకూ దుఃఖమే."

"వాళ్ళని దాటించిన మనిషి పేరు ఒక్కటి చెప్పండి. సాయంత్రానికి పడవలు వదిలేయమని రాస్తాను."

"మా రేవులో పేరు అడగరు బాబూ. అవతల ఒడ్డున నిలబడి ఎవరు 'ఓ నావా' అని కేకేసినా పడవ వెళ్ళాలి. దొంగో దొరో మంత్రసానో అడిగితే సరంగుకి పాపం. ఆ కార్తీకంలో వాళ్ళని దాటించిన పడవే, మర్నాడు వాళ్ళని వెతికే పోలీసుల్నీ దాటించింది. మీ పోలీసులు కూడా సరంగు పేరు అడగలేదు."

"అదే నేను చెప్పేది. అడగని రేవు తిరుగుబాటుకి రాజమార్గం. యుద్ధం అయిన దేశంలో ముందు భద్రత. అది పునాది. బడి, రోడ్డు ఆ తర్వాత లేచే గోడలు."

"పునాది తవ్వండి. మా ఇల్లు కూల్చి ఆ గోతిలో తవ్వకండి."

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు. "రేపు ప్రతి ఊరూ తన ధర్మం తనదంటే దేశం ఎలా నిలబడుతుందమ్మా? చట్టం ఒకటి ఉండాలి కదా."

ఆ మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. నేను ఆలోచించుకుని చెప్పేను: "ఉండాలి. చట్టం పేరు చెప్పి మునసబుని చంపినవాణ్ని పట్టుకోండి, విచారణ చూడ్డానికి నేనే వస్తాను. కాని వాడు దొరకలేదని నూటపది కొంపల్ని వరదకి అప్పజెబితే, అది చట్టం కాదు, ఉక్రోషం."

మార్తమ్మగారు షర్బత్ గ్లాసు కింద పెట్టేరు, చప్పుడు కాకుండా.

"నేల చూడకుండా ఉత్తర్వు ఇవ్వకూడదని మాకు నేర్పుతారు," అన్నారు కల్నల్ గారు చివరికి.

"మరి ఇచ్చేరుగా."

"ఇచ్చేను. రేపు చూస్తాను. మీతోనే వస్తాను."

మా లంక

శనివారం ఆయన జీపులోనే కొత్తపేట వైపు ఒడ్డుకి వచ్చేం. బూట్లు విప్పి చేత పట్టుకుని ఆయన మా వెనకే పాయ దాటేరు. నీళ్ళు మోకాలి కిందే ఉన్నాయి. ఏసోబు ఎదురొచ్చి, వంగి, ఒడ్డుకి చేరిన నురుగు అరచేతిలోకి తీసుకుని వాసన చూసేడు. నురుగులో సన్నటి వెదురుపుల్లలు.

"కొండనీళ్ళండీ. అయ్యగారు చీకటి పడకుండా దాటెయ్యాలండీ," అన్నాడు.

నేనూ చెప్పేను. మార్తమ్మగారు ఇంగ్లీషులో కూడా చెప్పేరు. కల్నల్ గారు నవ్వేరు. "ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తంతి రాలేదు. నీటిమట్టం పెరిగితే ముందు మాకు తెలుస్తుంది."

నిజానికి ఆయన పని శ్రద్ధగా చేసేరు. రేవులు చూసేరు, ఎవరి గుమ్మం ఎంత ఎత్తో చూసేరు, కిందటి వరద గోడ మీద వదిలిన బురద గీత తన భుజం దగ్గర ఉందని కొలుచుకున్నారు. ఆ గీత దగ్గర చాలాసేపు నిలబడ్డారు. అంతలో వాన పట్టుకుంది. మా వసారాలో పడుకున్నారు. రాత్రికి కందబచ్చలి కూర, మామిడికాయ పప్పు. మారు అడిగి తిన్నారు.

తెల్లారి లేచేసరికి పాయ ఎర్రగా, నిండా ఉంది. నిన్న మేం నడిచిన చోట తాటిదుంగ ఒకటి గిరగిరా తిరుగుతూ పోతోంది. అవతలి ఒడ్డున జీపు చుట్టూ నీళ్ళు. డ్రైవరు దాని కప్పు మీద కూర్చున్నాడు. కానిస్టేబుళ్ళు మా పడవ ఒకటి గొలుసు విప్పి తోసేరు కాని వాళ్ళకి గెడ వెయ్యడం రాదు. పడవ రెండు చుట్లు తిరిగి వాళ్ళ ఒడ్డుకే కొట్టుకుంది. మా లంకలో ఆడా మగా నిలబడి చూసేం. నవ్వు వచ్చింది, దాచుకోలేదు.

"తంతి వచ్చిందేమోనండీ," అన్నారు మార్తమ్మగారు ఎంతో వినయంగా.

కల్నల్ గారు కాగితం తీసి చీటీ రాసేరు. అరటిబోదె పట్టుకుని ఈదుకుపోయి చీటీ ఇచ్చి పడవ తేవడానికి ఏసోబూ ఇంకో ఆరుగురూ సిద్ధంగా ఉన్నారు. నేను చీటీ అడిగి తీసుకుని చదివేను. 'పడవ ఒకటి ఈ మనుషులకి ఇవ్వవలెను' అని ఉంది.

"ఒక్క పడవకి ఈదే మనిషి మా దగ్గర లేడు బాబూ," అన్నాను.

"అమ్మా, ఇది బేరం చేసే వేళ కాదు."

"కాదు. నీళ్ళు పెరట్లోకి వచ్చేశాయి. ఒక్కటి వస్తే మీరు వెళ్తారు. మేం దిబ్బ మీద దూడల్తో నిలబడతాం. ఏడూ రావాలి."

"ఏడూ వదిలితే ఆ రేవు మళ్ళీ తెరుచుకుంటుంది. పేరు చెప్పండి, ఇప్పుడే రాస్తాను."

"చెప్పం."

"ఈ మొండితనానికి మీరే మునుగుతారు!"

"మునుగుతాం. మీరూ మాతోనే ఉన్నారు."

ఏసోబు వైపు తిరిగి ఆయన గట్టిగా అన్నారు: "నువ్వు చెప్పవోయ్. వెళ్తావా, వెళ్ళవా? ఇది ఆర్డరు."

ఏసోబు తలగుడ్డ విప్పి నడుముకి బిగించుకున్నాడు. "ఎల్తానండీ. అమ్మగారు చెప్పినట్టు రాయండి, ఎల్తాను. మా పిల్లలు ఈ ఒడ్డునే ఉన్నారండీ. మీరూ ఈ ఒడ్డునే ఉన్నారు. నాకు తేడా లేదండీ."

"ఇది తిరుగుబాటు," అన్నారు కల్నల్ గారు.

"ఆయ్," అన్నాడు ఏసోబు.

మా కోడెదూడ ఒకటి కట్టుకొయ్య దగ్గర నీళ్ళలో నిలబడి అరుస్తోంది. కల్నల్ గారు వెళ్ళి, తాటిపాకలో నేను కొన్న కొత్తపగ్గం ముడి తానే విప్పి, దాన్ని మెరక మీదకి తోలేరు. తిరిగొచ్చి, చీటీ మోకాలి మీద పెట్టుకుని 'ఒకటి' కొట్టేసి 'అన్నియు' అని రాసి, కింద మళ్ళీ సంతకం పెట్టేరు.

ఏడుగురూ అరటిబోదెల మీద పడుకుని, చీటీ ఏసోబు పళ్ళ మధ్య, గుగ్గిలం నూనెగుడ్డలో కట్టి వీపుల మీద, ఎర్రనీళ్ళలోకి దిగేరు. ప్రవాహం వాళ్ళని మైలు కిందకి లాక్కుపోయింది. అవతల ఒడ్డు ఎక్కి, నడిచివచ్చి, వానలోనే పొయ్యి పెట్టి గుగ్గిలం కాచి, సందులు పూసి, మధ్యాహ్నానికి పడవలు నీళ్ళలోకి దింపేరు. నానడానికి పగలంతా ఆగే వీల్లేదు. ఒకడు గెడ వేస్తుంటే ఔట్‌పోస్టు కానిస్టేబుళ్ళు పడవకొకరు ఎక్కి టోపీలతో నీళ్ళు తోడుతూ వచ్చేరు. నేను లెక్క పెట్టుకుంటూ నిలబడ్డాను. ఏడూ వచ్చాయి.

మొదటి పడవలో పసిపిల్లల్నీ బాలింతల్నీ దాటించేం. రెండోదానిలో చూలుపశువుల్ని. కల్నల్ గారు మూడో పడవ దాకా ఆగేరు. ఎక్కమంటే ఎక్కలేదు. తన వంతు వచ్చేక ఎక్కుతూ, "అమ్మా, మీరు చేసింది తప్పేనని నేను ఇప్పటికీ అంటాను," అన్నారు.

"అనండి. క్షేమంగా వెళ్ళి అనండి."

గెడ వేసింది ఏసోబే. ఎక్కడికి, ఎందుకు అని అడగలేదు.

వరద నాలుగో రోజుకి తీసింది. ఇళ్ళు పన్నెండు పడిపోయాయి, మనిషి ఒక్కరు పోలేదు. కల్నల్ గారు ఆ తర్వాత కాకినాడలో మళ్ళీ ఉపన్యాసం ఇచ్చేరని మార్తమ్మగారు పేపర్లో చదివి వినిపించేరు. భద్రతే పునాది అన్నారట. మా లంక పేరు ఎత్తలేదట. ఎత్తకపోతే మాకేం.

పడవలు పట్టుకోమన్న ఉత్తర్వు రద్దయినట్టు ఇది రాసేనాటికి ఏ కాగితమూ రాలేదు. అంటే చట్టప్రకారం ఆ ఏడూ ఇంకా పోలీసులవే. అవి మా గుమ్మాల ముందే కట్టి ఉన్నాయి. కావలసినవాళ్ళు వచ్చి తీసుకుపోవచ్చు. కాకపోతే పాయ ఇప్పుడు నిండుగా ఉంది. ఇక్కడికి రావాలంటే ఒడ్డున నిలబడి కేకెయ్యాలి, మేమే పడవ పంపాలి. పంపుతాం. పేరు అడగం.